అసిరయ్య కిలోమీటర్లు

ఆదివారం, తెల్లవారుజాము నాలుగున్నర.
సాగర్ నగర్ షెడ్డు ముందు
పదకొండు గుర్రాలు, జీన్లు బిగించుకుని,
సముద్రం వైపు చెవులు తిప్పుకుని.
నా చేతిలో రసీదు పుస్తకం.
పోర్టు అకౌంట్స్‌లో ఇరవై రెండేళ్లు కూడికలు వేసినదాన్నని
క్లబ్బు డబ్బుపెట్టె నా నెత్తిన పెట్టారు.

లెక్క తేలికే.
ఒక్కో రౌతుకి ఒక్కో దాత,
కిలోమీటరుకి ఇంత అని ముందే మాట.
ఎర్రమట్టి దిబ్బల అంచు దాకా పన్నెండు,
రావడం పన్నెండు.
బెహరా గారి బావమరిది కిలోమీటరుకి రెండు వందలు,
పళ్ల డాక్టరు యాభై,
పదేళ్ల షారన్‌కి
వాళ్ల అపార్టుమెంటు వాచ్‌మన్ రాసిచ్చింది రూపాయిన్నర.
అక్కడ నా పెన్ను కాసేపు ఆగింది.

ఇదంతా రాకెట్టు కోసం.
పేరు విని నవ్వకండి.
పద్నాలుగేళ్లు బీచిలో
కాళీమాత గుడి నించి సబ్‌మెరైన్ దాకా,
సబ్‌మెరైన్ నించి గుడి దాకా
ఊళ్లో సగం మంది పిల్లల్ని మోసిన తెల్లగుర్రం.
రౌండు యాభై, ఫొటో ఉచితం.
ఇప్పుడు రెండు కళ్లలోనూ పాలు పోసినట్టు.
ఓ రాత్రి ఎవరో మా గేటుకి కట్టేసి పోయారు,
మెడలో పూసల దండ కూడా విప్పకుండా.
ఏడాదికి గడ్డి, దాణా, నాడాలు, మందులు:
లక్షా పద్దెనిమిది వేలు.

బయల్దేరాం.
బెహరా గారు నేవీలో రిటైరయ్యారు గానీ
నోరు ఇంకా డ్యూటీలోనే ఉంది.
"పోర్టుకి తిప్పండి!" అని అరిస్తే
గుర్రాలు తిరిగాయి,
అర్థం కానిది మాకే.
మంగమారిపేట దగ్గర వల కుట్టుకుంటున్న ముసలాయన
తలెత్తి చూసి,
"ఏటమ్మా, ఊరేగింపు బాగుంది,
పెళ్లికొడుకేడీ?" అన్నాడు.

తాటితోపు దాటాక మట్టి రంగు మారింది.
డెక్కల చప్పుడు ఒక్కసారిగా ఎవరో నొక్కేసినట్టు ఆగింది.
పదకొండు గుర్రాలు నడుస్తున్నాయి,
వినపడుతున్నది కళ్లేల గలగల,
ఎక్కడో జీడిమామిడి కొమ్మల్లో ఒక పిట్ట.
నలభై ఏడేళ్ల వయసులో గుర్రమెక్కినదాన్ని,
నా మోకాళ్లు కూడా కాసేపు నొప్పి మర్చిపోయాయి.

తిరిగొచ్చేసరికి ఎండ నడినెత్తిన.
పుస్తకం తెరిచాను.
బెహరా ఇరవై నాలుగు.
నేను ఇరవై నాలుగు.
షారన్ ఇరవై నాలుగు.
బకెట్టుతో డెక్కలు కడుగుతూ అసిరయ్య
తల ఎత్తకుండానే అడిగాడు:
"నాను నడిసినియ్యి ఎవులి కాతాలో ఏసినారమ్మా?"

షారన్ గుర్రం పగ్గం పట్టుకుని
పొద్దున్నించీ ముందు నడిచింది అతనే.
కాపులుప్పాడ దగ్గర బెహరా గారి టోపీ ఎగిరిపోతే
వెనక్కి పరిగెత్తిందీ అతనే.
అది కలిపితే ఇరవై అయిదున్నర.
అడిగినవాడు నవ్వుతూనే ఉన్నాడు.
నాకే, ఏ గడిలో రాయాలో తోచలేదు.

కింద కొత్త వరస గీశాను.
అసిరయ్య. ఇరవై అయిదున్నర.
దాత అన్న గడి
ఇవాళ్టికీ ఖాళీగానే ఉంది.

ఫోన్లో వేస్తామన్నవాళ్లు ఇంకా వేస్తూనే ఉన్నారు.
మొదట అందింది మాత్రం వాచ్‌మన్ ముప్పై ఆరు రూపాయలు,
ఆ సాయంత్రమే, చిల్లరగా,
షారన్ గుప్పిట్లో చెమటతో తడిసి.

పెట్టెలో వేద్దామని షెడ్డులోకి వెళ్లాను.
అయిదు దాటింది, బీచికి జనం వచ్చే వేళ.
రాకెట్టు నడుస్తోంది.
ఈ గోడ నించి ఆ గోడ దాకా,
ముక్కు తగలకముందే తిరిగి
ఆ గోడ నించి ఈ గోడ దాకా,
వీపు కదలకుండా, జాగ్రత్తగా.
అసిరయ్య ఎదురెళ్లి
దాని నుదుటి మీద అరచెయ్యి ఆనించాడు.

"పిల్లలు దిగిపోనార్రా," అన్నాడు,
"ఇంకాగు."